పంట లేకుండా కోత ఏమిటి? మహిళల ఫిజిక్ పోటీకి తయారీ మీద ప్రసంగం

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో అమ్మలు కూర్చున్నారు, వెనక అమ్మాయిలు, గోడవారగా జిమ్ కోచ్‌లు. మైకు చేతికి అందితే అమ్మలు మొదట అడిగేది ఏంటో ఊహించొచ్చు. "మా పిల్ల అన్నం మానేసిందండి, ఏం చెయ్యమంటారు?" అంచేత అక్కణ్ణించే మొదలెడదాం.

అన్నం మానెయ్యడం ఫిజిక్ పోటీకి, అంటే ఒంటి కండా తీరూ స్టేజీ మీద చూపించే పోటీకి, తయారీ కాదు. మన గోదావరి డెల్టాలో ఈ సంగతి అర్థం కావడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. చేలో వరి ఇంకా పాలు పోసుకుంటుండగానే కొడవలి పట్టుకుని దిగే రైతు ఉంటాడా? జిమ్‌లో 'కటింగ్' అంటున్నది కోతే కదండీ. ఒంటి మీద కండ పండాక, దాని మీదున్న కొవ్వు తీసి చూపించడం ఆ కోత. కండే లేకపోతే కోతలో బయటపడేది పక్కటెముకలు. జిమ్‌లో చేరిన ఆరు నెలలకే పోటీ పేరు చెప్పి తిండి తగ్గించేస్తే జరిగేది అదే. రెండు మూడేళ్ళు పెంచాలి, నాలుగైదు నెలలు కొయ్యాలి. ఈ పూట నేను చెప్పేదంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

అసలు ఈ ఫిజిక్ అనే విభాగం ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెప్పేస్తాను. ఆడవాళ్ళ బాడీబిల్డింగ్‌లో పెద్ద పోటీ మిస్ ఒలింపియా, 1980లో మొదలైంది. మొదటి విజేత రేచెల్ మెక్‌లిష్ ఫొటో చూడండి, సన్నగా, తీరుగా ఉంటుంది. తర్వాత తర్వాత సైజు పెరుగుతూ పోయింది. అంత సైజు, కొవ్వూ నీరూ బొత్తిగా కనపడని అంత పొడితనం అక్కర్లేకుండా కండ, తీరు, నడక మూడూ కలిపి చూసే విభాగం ఒకటి కావాలని ఫిజిక్ తెచ్చారు. ఒలింపియా వేదిక మీద మహిళల ఫిజిక్ మొదలైంది 2013లో, గెలిచింది డానా లిన్ బెయిలీ. మన దేశంలో కొన్ని సమాఖ్యలు దీనికి దగ్గర విభాగాన్ని అథ్లెటిక్ ఫిజిక్ అంటాయి, ఇంకొంచెం తేలికైనదాన్ని మోడల్ ఫిజిక్ అంటాయి. గ్రూపులు ఎత్తుని బట్టి ఉంటాయి. ఏ ఎత్తు దగ్గర గీత గీశారన్నది సమాఖ్యకో తీరు, కాబట్టి నోటీసు తెప్పించుకుని చదవండి. కోచ్ చెప్పాడని కాదు, మీరే చదవండి.

బరువులెత్తితే ఆడపిల్ల మగరాయుడు అయిపోతుందన్న భయం ఇంకా కొందరిలో ఉంది. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 69 కిలోల విభాగంలో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. మన తీరంలో ఆ చర్చ అప్పుడే ముగియాల్సింది. ఆడవాళ్ళ ఒంట్లో టెస్టోస్టెరాన్, అంటే కండ పెంచే మగ హార్మోను, మగవాళ్ళ కంటే ఎన్నో రెట్లు తక్కువ. బరువులతో వచ్చే కండ నెమ్మదిగా వస్తుంది, వచ్చేటప్పుడు కనపడుతూనే వస్తుంది. చాలు అనిపించిన రోజు ఆపెయ్యొచ్చు. మందులతో వచ్చేది వేరే, దాని సంగతి తర్వాత.

సరే, పెంచడం. ఫిజిక్‌లో జడ్జి కన్ను ముందు ఎక్కడ పడుతుందో అక్కడ పెట్టాలి కష్టం. ముందునుంచి చూస్తే భుజం పక్క గుండ్రం, అంటే సైడ్ డెల్ట్. వెనకనుంచి చూస్తే లాట్స్, అంటే వీపుకి రెండు పక్కలా రెక్కల్లా ఉండే కండల వెడల్పు. ఈ రెండూ పెరిగితే నడుం కొలత మారకపోయినా సన్నగా కనపడుతుంది. కింద తొడ బయటి వంపు, వెనక తొడ కండ, పిరుదు, ఆఖర్న పిక్క. అంచేత వారానికి ఐదు రోజులు చేస్తే భుజం మూడు రోజులు, వీపు రెండు రోజులు, కాళ్ళు రెండు రోజులు తగలాలి. ఛాతీకీ చేతులకీ మిగిలిన చోటు సరిపోతుంది. ఒక్కో కండకి వారానికి 10 నుంచి 20 సెట్లు, సెట్ అంటే ఆగకుండా ఎత్తే ఒక విడత. కొత్తవాళ్ళు పదితో మొదలెట్టండి, మొదటి నెలే ఇరవై చేస్తే కీళ్ళు మూలుగుతాయి.

సెట్ అంటే ఏదో పన్నెండు లెక్కపెట్టి దించెయ్యడం కాదు. ఇంకొక్కటో రెండో మాత్రమే ఎత్తగలను అన్న చోట ఆగాలి. పన్నెండు అయ్యాక ఇంకో పది హాయిగా వస్తాయంటే, ఆ సెట్ లెక్కలోకి రాదు. పెద్ద వ్యాయామాలకి, అంటే స్క్వాట్ (బరువుతో గుంజీ), రో (బరువు ఒంటి వైపు లాగడం), ప్రెస్ (బరువు పైకి నెట్టడం) లాంటివాటికి, సెట్‌కీ సెట్‌కీ మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చోండి. చెమట ఆరిపోతోందని కంగారు పడకండి. చెమట కొలత కాదు, నోటుబుక్కు కొలత. సెట్‌కి 8 నుంచి 12 సార్లు ఎత్తేలా మూడు సెట్లు రాసుకోండి. మూడింట్లోనూ 12 వచ్చిన రోజున, తర్వాతి వారం బరువు పెంచి మళ్ళీ 8 దగ్గరికి రండి. నోటుబుక్కు లేని జిమ్ అంటే బిల్లు పుస్తకం లేని కిరాణా కొట్టే.

ఇక్కడ మన ఊళ్ళ జిమ్‌లలో ఒక చిక్కుంది, కోచ్‌లకి తెలుసు. డంబెల్స్ 2.5, 5, 7.5, 10 అనే మెట్లలోనే ఉంటాయి. మగవాళ్ళకి ఇబ్బంది లేదు. లేటరల్ రెయిజ్, అంటే చేతులు పక్కకి లేపే వ్యాయామం, 5 కిలోలతో చేసే అమ్మాయి 7.5కి వెళ్ళాలంటే అది ఒక్కసారిగా సగానికి సగం పెంపు. అందుకని ఏం చేస్తుంది? నడుం ఊపి ఎత్తుతుంది. బరువు డెల్ట్ మీద పడకుండా మెడ పక్క కండ మీద పడుతుంది. ఏడాది తర్వాత భుజం పెరగలేదు, మెడ మాత్రం లావయిందని ఏడుపు. దీనికి రెండు దారులు. ఒకటి, 5 కిలోలతోనే 20 దాకా లాగండి, 20 నిలకడగా వచ్చాకే 7.5 పట్టుకుని 10తో మొదలెట్టండి. రెండోది, మణికట్టుకి కట్టుకునే అరకిలో, కిలో ఇసుక పట్టీలు కొనుక్కోండి. చేసేటప్పుడు చేతులు పూర్తిగా పక్కకి కాకుండా కొద్దిగా ముందుకి ఉండాలి, మోచెయ్యి ముందు లేవాలి, అరచెయ్యి దాని వెనక రావాలి. భుజం చెవి వైపు లేస్తోందంటే బరువు ఎక్కువైందని అర్థం.

లాట్స్‌కి పుల్‌అప్, అంటే బారు పట్టుకుని వేలాడి ఒంటిని పైకి లాక్కోవడం, మంచిది, కానీ మొదట్లో ఒక్కటీ రాదు. రాలేదని పుల్‌డౌన్ మెషీన్ దగ్గరే ఉండిపోకండి. స్టూలెక్కి గెడ్డం బారు పైకి పెట్టి, ఐదు అంకెలు లెక్కపెట్టుకుంటూ కిందకి దిగండి. అలాంటివి పూటకి మూడు సెట్లు, సెట్‌కి నాలుగైదు, వారానికి రెండు సార్లు. ఓపిగ్గా చేస్తే కొన్ని నెలల్లో మొదటి పుల్‌అప్ వస్తుంది. వెనక తొడకి రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. బారు తొడని రాసుకుంటూ దిగాలి, పిరుదులు వెనక్కి పోవాలి, మోకాలు కొద్దిగా మాత్రమే వంగాలి. పిక్క మధ్యకి రాగానే చాలు. అక్కణ్ణించి ఇంకా దిగుదామనుకుంటే వెన్ను గుండ్రమవుతుంది, కండ మీద పడాల్సిన భారం నడుం మీదికి వస్తుంది. తొడ బయటి వంపు కోసం స్క్వాట్‌లో మడమల కింద 2.5 కిలోల ప్లేట్లు పెట్టుకుంటే మోకాలు ముందుకి వెళ్ళే వీలు దొరుకుతుంది. నడుం సన్నబడాలని డంబెల్ పట్టుకుని పక్కకి వంగే వ్యాయామం వందలకి వందలు చేసేవాళ్ళున్నారు, మానెయ్యండి. కొవ్వు అక్కడ మాత్రమే కరగదు, పైగా పక్క కండ పెరిగితే నడుం వెడల్పే.

వాతావరణం గురించి ఒక మాట. వేసవిలో రేకుల షెడ్డు జిమ్, పైన ఎండ, గాల్లో తేమ. చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు. కాళ్ళ రోజు తెల్లారుజామునే పెట్టుకోండి. వ్యాయామానికి ముందూ తర్వాతా తూచుకోండి. కిలో తగ్గితే అది కొవ్వు కాదు, నీరు. దానికి లీటరు నుంచి లీటరున్నర దాకా, ఉప్పేసిన మజ్జిగ కలుపుకుని, తర్వాతి రెండు మూడు గంటల్లో తాగెయ్యాలి.

ఇంక తిండి. దీని మీద ఎక్కువసేపు ఉంటాను, ఎంచేతంటే పోటీలు ఇక్కడే పోతాయి.

60 కిలోల అమ్మాయి పెంచే కాలంలో ఉందనుకోండి. రోజుకి సుమారు 2,200 క్యాలరీలు, ప్రొటీన్ కిలోకి 1.8 గ్రాముల లెక్కన 108 గ్రాములు. ఇది మన వంటింట్లోనే కుదురుతుందా అని అడుగుతారు. కుదురుతుంది. బియ్యం 300 గ్రాములు, వండకముందు తూచినవి. వాటిలోనే ప్రొటీన్ ఇరవై రెండు దాకా ఉంటుంది, ఎవరూ లెక్కలో వెయ్యరు. కోడిగుడ్లు నాలుగు, వాటిలో ప్రొటీన్ పాతిక గ్రాములు. ముల్లు తీసి తూచిన కొర్రమీను 200 గ్రాములు, ముప్పై ఆరు. కందిపప్పు 60 గ్రాములు, పదమూడు. పెరుగు 300 గ్రాములు, పది. కలిపితే 106. పైన చక్కెరకేళి ఒకటి, కూరగాయలు, రోజు మొత్తానికి నూనె 20 గ్రాములు. ఇదేం అమెరికా డైటు కాదు, మన ఇంటి భోజనమే, కొలిచి పెట్టింది. కొర్రమీను దొరకని రోజు రొయ్యలు తినండి. వంద గ్రాముల్లో ప్రొటీన్ ఇరవైకి దగ్గర, కొవ్వు దాదాపు లేదు. కాకపోతే తలా పెంకూ తీశాక తూచాలి. సంచిలో కిలో తెస్తే తినే మాంసం సుమారు సగమే. మాంసాహారం ముట్టని ఇళ్ళలో మీల్‌మేకర్ ఆదుకుంటుంది, పొడిగా తూచిన వంద గ్రాముల్లో ప్రొటీన్ యాభై పైనే.

మరి ఉమ్మడి కుండలో అన్నం వండుతారు కదా, నా వాటా ఎలా తూచాలి? ఈ ప్రశ్నకి జవాబు తెలియకే చాలామంది కొలత మానేసి, ఆ కోపంతో అన్నమే మానేస్తారు. చూడండి, వంద గ్రాముల బియ్యం ఒక ఇంట్లో 250 గ్రాముల అన్నం అవుతుంది, ఇంకో ఇంట్లో 300 అవుతుంది. కుక్కర్లో ఒక రకం, గంజి వారిస్తే ఒక రకం. అంచేత అన్నం తూచి క్యాలరీ పట్టిక చూస్తే తప్పుతుంది. పొద్దున్న అమ్మ బియ్యం కడిగేముందు తూచి రాసుకోండి, 600 గ్రాములనుకుందాం. ఉడికాక గిన్నెతో తూచి, ఖాళీ గిన్నె బరువు తీసెయ్యండి, 1,650 వచ్చిందనుకుందాం. అంటే వంద గ్రాముల బియ్యం 275 గ్రాముల అన్నమైంది. మీ వాటా వంద అయితే 275 పెట్టుకోండి. అంతే. ఇంట్లో ఎవరికీ వేరే వంట అక్కర్లేదు. నాలుగైదు వందల రూపాయల వంటింటి త్రాసు ఒకటి చాలు.

కూర దగ్గర దొంగ నూనె. ఒక పెద్ద చెంచా నూనె 120 క్యాలరీలు, దాదాపు ఒకటిన్నర గుడ్డు. చేపల పులుసులో పైన తేలే తేట నూనె చూశారుగా, రుచంతా అందులోనే ఉంది, లెక్క తప్పేదీ అక్కడే. ముక్కలు గరిటెతో అడుగునుంచి తీసుకుని, పైతేట పక్కకి తోసి పులుసు పోసుకోండి. కోనసీమ ఇళ్ళలో అయితే కొబ్బరి. పచ్చి కొబ్బరి వంద గ్రాములు 350 క్యాలరీల పైమాటే. పచ్చడి రెండు ముద్దలంటే ఏముందిలే అనుకుంటారు. పెంచే కాలంలో ఏం పర్లేదు, హాయిగా తినండి. కోత కాలంలో మాత్రం పచ్చడీ త్రాసెక్కాలి.

ఇప్పుడు కోత. 60 కిలోల నుంచి 54కి రావాలంటే, వారానికి అరశాతం నుంచి ఒక శాతం దాకా, అంటే 300 నుంచి 600 గ్రాములు తగ్గాలి. నాలుగు వందల లెక్కన పదిహేను వారాలు. దానికి జ్వరాలూ, పెళ్ళిళ్ళూ, సంక్రాంతీ కలిపి ఇరవై వారాలు పెట్టుకోండి. సంక్రాంతి మూడు రోజులూ అరిసెలు ముట్టను అని ఒట్టు పెట్టుకునేకంటే, కేలెండర్‌లో ఆ వారం ముందే తీసెయ్యడం తెలివి. మొదటి అడుగు చిన్నది. బియ్యం 300 నుంచి 200, నూనె 20 నుంచి 10, గుడ్లలో తెల్లసొన ఆరు అదనం. నికరంగా 350 క్యాలరీల దాకా తగ్గింది, ప్రొటీన్ పెరిగింది. దీనికి తోడు కాలవ గట్టు మీద నడక, రోజుకి ఎనిమిది పదివేల అడుగులు. తిండి తగ్గినప్పుడు మనిషికి తెలియకుండానే కదలిక తగ్గిపోతుంది, లేచి నీళ్ళు తెచ్చుకోవడం కూడా బద్ధకమవుతుంది. అందుకే అడుగులు లెక్కపెట్టమనేది. బరువు ఆగిపోయిందని వెంటనే ఇంకో వంద గ్రాముల బియ్యం కొయ్యకండి, ముందు అడుగులు చూడండి.

ఆడవాళ్ళకి ఇంకో మెలిక ఉంది, మగ కోచ్‌లు మర్చిపోతారు. నెలసరికి ముందు వారం ఒంట్లో నీరు పట్టి కిలో, కిలోన్నర పెరగడం మామూలే. ఆ వారం త్రాసు చూసి "నువ్వు దొంగతిండి తింటున్నావ్" అని కోప్పడితే పిల్ల ఏం చెయ్యాలి? రోజూ తూచి వారం సగటు తియ్యండి. ఆ సగటుని పోయిన వారంతో కాదు, పోయిన నెల ఇదే వారంతో పోల్చండి. అప్పుడు అసలు దారి కనపడుతుంది.

ఆ నెలసరే మీకున్న అన్నిటికంటే మంచి మీటరు. వెయ్యి క్యాలరీల చార్ట్ అని ఫోన్లలో తిరుగుతుంటుంది కదండీ, దాని లెక్క చూద్దాం. 55 కిలోల అమ్మాయి, కొవ్వు 18 శాతం. కొవ్వు తీసేస్తే మిగిలేది 45 కిలోలు. వ్యాయామానికి ఖర్చయింది పోగా, ఆ 45 కిలోలకీ కిలోకి 30 క్యాలరీలన్నా మిగలకపోతే ఒళ్ళు ఒక్కో పనీ ఆపేసుకుంటుంది. మొదట ఆపేది నెలసరి, తర్వాత ఎముక. 45 ముప్పైలు 1,350. వ్యాయామానికి 350 అనుకుంటే మొత్తం 1,700 తినాలి. వెయ్యి తింటే మిగిలేది 650, కిలోకి 14 క్యాలరీలు. సగం కూడా లేదు! పోటీ ముందు చివరి వారాల్లో ఈ గీత కిందకి కొన్నాళ్ళు పోక తప్పదు, అది అబద్ధం చెప్పను. కానీ మొదటి వారంనుంచే కింద ఉంటే, పదో వారానికి తగ్గించడానికి పళ్ళెంలో ఏమీ ఉండదు. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే పోటీ సంగతి పక్కనపెట్టి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళండి. "అథ్లెట్లకి మామూలేలే" అని ఎవరన్నా అంటే వినకండి. కోత మొదలెట్టకముందే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి చూపించుకోవాలి. హిమోగ్లోబిన్ 12 లోపు ఉంటే ముందు అది సరిచేసుకోవాలి, ఆ రక్తంతో స్క్వాట్ సాగదు.

పోజింగ్‌కి వద్దాం. నాలుగు పోజులు ముఖ్యం. ముందునుంచి డబుల్ బైసెప్స్, అంటే రెండు చేతులూ లేపి మోచెయ్యి వంచి జబ్బ కండ చూపించడం, పక్కనుంచి ఛాతీ, వెనకనుంచి డబుల్ బైసెప్స్, పక్కనుంచి ట్రైసెప్స్, అంటే జబ్బ వెనక కండ. కొన్ని పోటీల్లో పొట్ట, తొడ కూడా అడుగుతారు. తర్వాత పాటతో సొంత పోజింగ్. కాళ్ళకి చెప్పులుండవు, హైహీల్స్ వేరే విభాగాలవి. బాడీబిల్డింగ్‌కీ దీనికీ తేడా చేతిలో తెలుస్తుంది. ఇక్కడ పిడికిలి బిగించకూడదు, వేళ్ళు విప్పి ఉండాలి. కూచిపూడి నేర్చుకున్న పిల్లలకి ఇది సులువు, వేలి చివరిదాకా ప్రాణం ఉంటుంది. మిగతావాళ్ళ వేళ్ళు అప్పడాల్లా నిలబడిపోతాయి.

(నవ్వులు)

వెనక డబుల్ బైసెప్స్ ఒక్కటి నిదానంగా చెబుతాను. మిగతావన్నీ దీన్లోంచి వస్తాయి. ముందు కాళ్ళు. ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ లేపి, వేళ్ళమీద నిలబెట్టండి. పిక్క పైకి లేస్తుంది. ఆ కాలి మోకాలు కొద్దిగా వంచి, మడమని పిరుదు వైపు లాగుతున్నట్టు బిగించండి, కానీ పాదం కదలకూడదు. వెనక తొడ విడిగా కనపడేది అప్పుడే. తర్వాత పిరుదులు. తర్వాత లాట్స్ విప్పండి, చేతులు ఇంకా లేపకండి. లాట్స్ విప్పకుండా చేతులు లేపితే వీపు మధ్య ముడుచుకుపోతుంది, వెడల్పంతా పోతుంది. ఇప్పుడు చేతులు. మోచెయ్యి భుజం కంటే కొంచెం పైకి, వేళ్ళు విప్పి. ఆఖర్న నడుం పైభాగం కొద్దిగా వెనక్కి, అంటే జడ్జీల వైపు వాలాలి. వాళ్ళు కింద కూర్చుంటారు, మీరు పైన ఉంటారు, నిటారుగా ఉంటే వీపు పైభాగం వాళ్ళకి దూరమై చిన్నదిగా కనపడుతుంది. ఊపిరి బిగబట్టకండి, సగం వదిలి, పైపైన తీసుకుంటూ ఉండండి. బిగబడితే ముప్పై సెకన్లకి ఒళ్ళు వణుకుతుంది. పోలికలో జడ్జీలు అటూ ఇటూ మారుస్తూ పది నిమిషాలు కూడా నిలబెడతారు. అందుకని పోటీకి పన్నెండు వారాల ముందునుంచి వారానికి నాలుగు రోజులు, ఇరవై నిమిషాలు. మొదటి నెల అద్దంలో, తర్వాత అద్దం లేకుండా, ఫోనులో వీడియో తీసుకుని. స్టేజీ మీద అద్దం ఉండదు కదా.

చివరి వారం గురించి చెబుతాను, ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. "రెండ్రోజులు నీళ్ళు మానెయ్, ఉప్పు మానెయ్, ఒక మాత్ర వేసుకో" అనే సలహా జిమ్‌లలో ఇంకా తిరుగుతోంది. కండ నిండుగా కనపడాలంటే కండలో గ్లైకోజెన్, అంటే ఒళ్ళు దాచుకునే పిండిపదార్థం, ఉండాలి, ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకుంటుంది. నీళ్ళు మానేస్తే కండ చప్పబడుతుంది. ఉప్పు మానేస్తే రక్తం పరిమాణం తగ్గి, స్టేజీ వెనక రబ్బరు తాళ్ళతో ఎంత లాగినా పంపు రాదు, అంటే కండ పొంగదు. ఇంక ఆ మాత్ర, మూత్రం ఎక్కువ పోయించేది, నీళ్ళతోబాటు పొటాషియం లాగేస్తుంది, గుండె లయ తప్పుతుంది. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే ప్రొఫెషనల్ బాడీబిల్డర్ పోటీ అయిన కొద్ది గంటల్లోనే చనిపోయాడు. ఒంట్లో నీరు తీసేసే ఆ పద్ధతే కారణమని చెబుతారు. అంచేత చివరి వారంలో చెయ్యాల్సింది చాలా తక్కువ. నీళ్ళు ఎప్పటిలాగే, ఉప్పు ఎప్పటిలాగే. రెండు రోజుల ముందునుంచి తెల్లన్నం పెంచండి, కిలో బరువుకి పిండిపదార్థం ఐదారు గ్రాములయ్యేలా. ఆకుకూరలూ పప్పులూ తగ్గించండి, పొట్ట ఉబ్బకుండా. ఇదంతా రెండు వారాల ముందు ఒకసారి రిహార్సల్ చేసి ఫొటో తీసి చూసుకోండి. అప్పుడు కుదరంది ఆ రోజూ కుదరదు. చూశారా అమ్మా, ఆఖరికి మీ పిల్లని స్టేజీ ఎక్కించేది అన్నమే.

రంగు. నల్లగా ఉన్న పిల్లలకి టాన్, అంటే ఒంటికి పూసే ముదురు రంగు, ఎందుకని అడుగుతారు. స్టేజీ లైట్లు ఏ రంగునైనా పాలిపోయేలా చేసి కండ గీతలు మింగేస్తాయి. తెల్లగా ఉన్నవాళ్ళకి మూడు పూతలు, నల్లగా ఉన్నవాళ్ళకి ఒకటి రెండు, అంతే తేడా. ముఖం, మెడ, ఒళ్ళు ఒక్కలా ఉండాలి. మన దగ్గర మూడు విషయాల్లో పాడవుతుంది. ఒంటికి కొబ్బరినూనె రాసే అలవాటు మూడు రోజుల ముందే ఆపాలి, జిడ్డు మీద రంగు పట్టదు. నలుగు పెట్టుకుని చర్మం శుభ్రం చేసుకోవచ్చు, పసుపు కలపని సున్నిపిండితో. వాక్సింగ్ కూడా రెండు రోజుల ముందే అయిపోవాలి. డియోడరెంట్ వాడకూడదు, చంకల్లో రంగు ఆకుపచ్చగా తిరుగుతుంది. ఇంక చెమట. తీరం ఉక్కపోతలో హాలు వెనక గదిలో నిలబడితే రంగు చారలు కడుతుంది. ఫ్యాను కింద కూర్చోవాలి, వదులు నైటీ, నల్లదైతే మేలు. చెమట తుడవకూడదు, టిష్యూతో అద్దాలి. బొండం తాగాలనిపిస్తే స్ట్రాతోనే, ఒక్క చుక్క గెడ్డం మీంచి కారినా గీత పడుతుంది. రంగు రాయడానికి ఆడమనిషి ఉండేలా ముందే మాట్లాడుకోండి. బట్టలు మార్చుకునే గది ఎక్కడ, తలుపుకి గడియ ఉందా, లోపలికి ఎవరికి అనుమతి అన్నది నిర్వాహకుల్ని ఫోన్లోనే అడగండి. అడగడానికి మొహమాటం ఏంటండీ? రుసుం కట్టేది మనమే.

డ్రెస్సు సంగతి ఇంట్లో ఆఖరి రోజు చెప్పకండి. రెండు ముక్కల సూట్ తప్పనిసరి, ఎంత కప్పాలన్నదానికి నిబంధనలున్నాయి, అవి అమ్మానాన్నలకి ముందే చూపించండి. సగం గొడవలు ఆలస్యంగా తెలియడం వల్లే.

ఇంక మందులు. కోచ్‌లు కూడా వినండి. ఆక్సాండ్రోలోన్ అని ఒకటి, 'ఆడవాళ్ళకి సురక్షితం' అని చెబుతూ ఇస్తారు. అది టెస్టోస్టెరాన్ కుటుంబమే. గొంతు బొంగురుపోతే మాత్ర ఆపినా ఒక్కోసారి తిరిగి రాదు, జననాంగాల్లో వచ్చిన మార్పూ అంతే. క్లెన్‌బ్యూటరాల్ గుండెని దడదడలాడిస్తుంది. ఈ రెండూ, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలూ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో ఉన్నాయి. మన దేశపు డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరీక్షలో దొరికితే 'కోచ్ ఇచ్చాడు' అన్న జవాబు పనికిరాదు, ఒంట్లో దొరికిందానికి బాధ్యత అథ్లెట్‌దే. నిషేధం లేనివాటిలో పనికొచ్చేది క్రియాటిన్, రోజుకి మూడు నుంచి ఐదు గ్రాములు. వే ప్రొటీన్, అంటే పాల నుంచి తీసే ప్రొటీన్ పొడి, తిండికి వీలుకానప్పుడు మాత్రమే, సీలు, బ్యాచ్ నంబరు, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు చూసి కొనండి.

పోటీ అయిన మర్నాటి నుంచి కూడా ఒక ప్లాను రాసిపెట్టుకోవాలి. కాజాలూ, పూతరేకులూ సూట్‌కేసులో సిద్ధంగా పెట్టుకుని వెళ్ళేవాళ్ళున్నారు. ఆ రాత్రి తినండి, ఎవరూ వద్దనరు. తర్వాతి ఉదయం మాత్రం మళ్ళీ త్రాసు, కానీ కోత లెక్క కాదు, బరువు నిలిచే లెక్క. బియ్యం వెంటనే 300 దగ్గరికి తేవాలి. వారంలో మూడు నాలుగు కిలోలు పెరిగితే బెదరకండి, ఎక్కువ భాగం నీరూ, కండలో నిండిన గ్లైకోజెనూ. మూడు నెలల్లో స్టేజీ బరువు మీద ఐదు నుంచి పది శాతం పెరగాలి, 54కి 57, 59. నెలసరి తిరిగి రావడానికి ఆ కొవ్వు కావాలి. స్టేజీ మీది ఒళ్ళు ఏడాదంతా ఉంచుకునేది కాదు. మళ్ళీ కోతకి కనీసం ఏడాది ఆగండి.

ప్రశ్నలు అడగమంటే ఎవరూ చెయ్యెత్తడం లేదు. ఆ, చెప్పమ్మా. పులస తినొచ్చా అనా?

(నవ్వులు)

పుస్తెలమ్మైనా పులస తినమన్న గోదావరి వాళ్ళం, ఈ ప్రశ్న రాకుండా ఎలా ఉంటుందిలెండి. పులస వచ్చేది వరద నీళ్ళతో, శ్రావణ భాద్రపదాల్లో. కొవ్వు చేప, కొర్రమీనుతో సమానంగా లెక్కెయ్యకూడదు. వంద గ్రాములకి కొర్రమీను వంద క్యాలరీలైతే పులస దానికి రెండింతలు, ఇంకా పైనే ఉండొచ్చు. పెంచే కాలం అయితే రెండు ముక్కలు వేసుకుని, ఆ పూట గుడ్లు రెండు మానండి. కోతలో ఉంటే ఒక ముక్క, ముల్లు తీసి తూచి, ఆ రోజు కూరల్లో నూనె పూర్తిగా తీసెయ్యండి. ఇంకో సంగతి, పులుసు మర్నాటికే రుచి కదా, ఆ చద్ది పులుసు పైతేట మాత్రం అన్నయ్యకి వదిలెయ్యి.